మేం పెంచిన మొసలి

మా వాగులో ఇంకా మిగిలిన ఇసుక ఒక గుప్పెడు కుడిచేతిలో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. ఆ గుప్పెడు కోసం కూడా నడుములోతు గుంటలో దిగి వెతకాల్సి వచ్చింది, కాబట్టి ప్రమాణాన్ని తేలిగ్గా తీసుకోకండి. నన్ను ఎరిగినవాళ్లు ఈ మొదటి మాటకే నవ్వుతారని తెలుసు. దేవరుప్పుల నుంచి జనగామ దాకా బస్సులో నా పక్క సీటులో కూర్చున్నవాళ్లెవరూ కునుకు తీసింది లేదు. బోరులోంచి కొర్రమీను ఎగిరిపడిందని చెప్పాను. కరెంటు షాకు కొట్టిన కోడి తెల్లారి ఉడికిన గుడ్డు పెట్టిందని చెప్పాను. రెండోదాన్ని ఇప్పటికీ నమ్మేవాళ్లు నలుగురున్నారు. ఇది ఆ రకం కథ కాదు.

నాది మోటార్ల వైండింగ్ షాపు. కాలిన మోటారు విప్పి, మాడిన రాగితీగ లాగేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాను. బోర్లు ఎండినప్పుడే మోటార్లు కాలతాయి. అంటే ఊరికి కష్టం వచ్చినప్పుడే నాకు చేతినిండా పని. ఆ పాపం కడుక్కోవడానికే వాగు సేవలో చేరానని చెబితే వినడానికి బాగుంటుంది. అసలు సంగతేమిటంటే, షుగరు వచ్చింది, డాక్టరు నడవమన్నాడు. ఒక ఆదివారం పొద్దున వాగు ఒడ్డున నడుస్తుంటే సారు కనిపించాడు.

సారంటే నాకు హైస్కూల్లో సైన్సు చెప్పినాయన. కప్ప గుండె బొమ్మ సరిగ్గా రాలేదని నాతో పదిసార్లు గీయించినాయన. రిటైరయ్యాక ఇలా గోనెసంచి పట్టుకుని ఒడ్డున పగిలిన సీసా పెంకులు ఏరుతున్నాడు.

"ఏంది సారూ, పింఛన్ సాలుతలేదా?" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "నీ నోరు ఎట్లాగు ఊకుండదు. చేతులకన్న పని చెప్పు. ఇగో, పట్టు" అని ఇంకో సంచి నా మీదికి విసిరాడు.

అలా చేరాను. మొత్తం ఏడుగురం. ఇద్దరు పంతులమ్మలు, ఒక టైలరు, ఉత్తరాలు పంచే ఆయన, ఎరువుల దుకాణంలో గుమాస్తా, సారు, నేను. వారం వారం సీసాలు ఏరేవాళ్లం, తెగిన వలలు లాగి కాల్చేవాళ్లం, ఒడ్డు కోసుకుపోకుండా మద్ది మొక్కలు నాటేవాళ్లం. పైన గుట్ట మీద పడిన వాన ఒక్క ఉరుకున కిందికి పోకుండా రాళ్లు పేర్చి చిన్న చిన్న అడ్డుకట్టలు కట్టాం. తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టిన చోట కుక్కలూ పందులూ తవ్వకుండా చుట్టూ తుమ్మకంప వేసేవాళ్లం. ఊరు మాకు తాబేళ్ల సంఘం అని పేరు పెట్టింది. "అన్నా, ఈ ఏడు ఎన్ని కాన్పులైనయే?" అని హోటల్లో అడిగేవాళ్లు. "అన్నీ సుఖ ప్రసవాలే, దవాఖానకు పోయే పని పడలే" అనేవాణ్ణి.

మా వాగు జనగామ గుట్టల్లో మొదలై, పొలాల మధ్య వంకర్లు తిరిగి, మరిపెడ దిక్కుగా మహబూబాబాద్ జిల్లాలోకి పోతుంది. శివరాత్రి దాటితే పారకం ఆగుతుంది. ఎండాకాలం మిగిలేది పెద్ద బండ కింద ఒక్క మడుగు. రెండు నిలువుల లోతు. మెత్త పెంకు తాబేళ్లు అందులోనే ఉంటాయి. దాని దిగువన ఇసుకలో తండా ఆడవాళ్లు చేతులతో గుంట తీసి, ఊరిన నీళ్లు చెంబుతో తోడుకునేవారు. దాన్ని చెలిమె అంటాం. ఇంటి ముందు నల్లా ఉన్నా తాగడానికి మాత్రం చెలిమె నీళ్లే. నల్లా నీళ్లు మందు వాసన కొడతాయని వాళ్ల మాట.

ఆ ఆడవాళ్లలో పెద్దది ఒక అవ్వ. డెబ్భై ఏళ్లుంటాయి, పదిహేను మేకలుండేవి. తాబేలు గుడ్లు ఎక్కడ పెడుతుందో మాకు చూపించింది ఆమే. అప్పటిదాకా మేం పుస్తకం చూసి కంప వేసిన చోటల్లా ఉత్త ఇసుకే. "ఇంత సదువుకున్నరు, తాబేలు ఇల్లు తెల్వదా?" అని నవ్వి, కట్టెతో మూడు చోట్ల గీత గీసింది. మూడింట్లోనూ గుడ్లున్నాయి. ఒకసారి నాతో అంది: "గీ మడుగుల నీళ్లున్నన్ని దినాలే నా చెలిమె ఊరుతది బిడ్డా. గిది ఎండితే మేకల నమ్ముకోవుడే. మేకలు పోయినంక నేనేం జేత్త? కొడుకు ఇంట్ల మూలకు కూసుంట."

మేం కాపాడేది తాబేళ్లనని ఊరు అనుకుంది. మేమూ అలాగే అనుకునేవాళ్లం. ఆ మాట విన్నాక నాకు మడుగు అంటే అవ్వే గుర్తొచ్చేది.

ఇసుక ట్రాక్టర్లు మొదట దూరంగానే తిరిగేవి. పర్మిట్ కాయితం ఉన్నదొకటి, దాని వెనక కాయితం లేనివి ఆరు. కింద ఇసుక అయిపోయాక పైకి జరిగాయి. ఆ చైత్రంలో మడుగుకు కూతవేటు దూరానికి వచ్చాయి. ట్రాక్టర్ల ఆసామి మా పక్క ఊరి పెద్ద కుటుంబం వాడు. మనిషి మంచిగా మాట్లాడతాడు. అదే చిక్కు. సారు వెళ్లి మడుగు వదిలిపెట్టమని అడిగితే కుర్చీ వేసి, చాయ్ తాగించి, "సారూ, మీ తాబేళ్లకు ఓటున్నదా? ఆధార్ కార్డు ఉన్నదా? ఉంటె చెప్పుండ్రి, ఇప్పుడే బంద్ పెడ్త" అన్నాడు. పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. సారు చాయ్ మొత్తం తాగి వచ్చాడు. సగంలో వదిలేస్తే మర్యాద కాదట.

మండలాఫీసులో దరఖాస్తులు పెట్టాం. "చూస్తం" అన్నారు. నిజంగానే చూశారు. ట్రాక్టర్లు పోతుంటే కిటికీలోంచి చూశారు.

అప్పుడు వచ్చింది నాకు ఆలోచన. బతిమాలితే ఆగని ట్రాక్టరు భయపెడితే ఆగదా? హోటల్లో చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చేతులు కొంచెం వణికించి, "మడుగు కాడ మొసలిని చూసిన" అన్నాను.

"బోరుల కొర్రమీను అయిపోయింది, ఇగ మొసలి షురూ జేసిండు" అన్నాడు హోటలాయన.

నేను నవ్వలేదు. నా జీవితంలో అబద్ధం చెబుతూ నవ్వకపోవడం అదే మొదలు. మొసలి ఎట్లా వచ్చిందో చెప్పాను. భూపాలపల్లి దిక్కు గోదావరిలో ఇసుక నింపుకున్న లారీ మా రోడ్డున పోతూ వాగు దగ్గర బోల్తా పడింది గుర్తుందా? పడింది, అది నిజమే, అందరికీ గుర్తుంది. ఆ ఇసుకలో మొసలి గుడ్లున్నాయి. ఎండ వేడికి పగిలాయి. పిల్ల వాగులో పడింది. నాలుగేళ్లలో పెరిగింది. నమ్మకపోతే అదే దిక్కున చెల్పూర్‌లో పనిచేసే నా బామ్మర్దిని అడగండని ఫోను స్పీకరులో పెట్టాను. వాడికి ముందే చెప్పి ఉంచాను.

"ఔ బావా, గోదావరి ఇసుకల గుడ్లు మస్తుగుంటయి. మా దిక్కు గీ ముచ్చట పోరగాండ్లకు గూడ ఎరికే. మీరు జర పైలం" అన్నాడు. వాడు పుట్టి బుద్ధెరిగి గోదావరి ఒడ్డున ఇసుకలో కాలు పెట్టినవాడు కాదు. ఊరు మాత్రం నమ్మేసింది. ఇసుక లారీలోనే మొసలి వచ్చిందన్న మాట అందరికీ ఏదో న్యాయంగా తోచినట్టుంది.

మాట ఒక్కటి చాలదని తెలుసు. షాపులో రాగితీగను కొట్టి సర్దే చెక్క సుత్తి ఒకటి అరిగిపోయి ఉంది. దాన్ని చెక్కి పాదం చేశాను. మిట్టమధ్యాహ్నం ఎండకు వాగులో పిట్ట కూడా ఉండని వేళ చూసి, తడి ఇసుకలో అడుగులు అద్దాను, వెనకాలే పాత నల్ల పైపు ముక్క ఈడ్చి తోక గీశాను. మూడో రోజు అద్దుతుంటే బండ వెనక నుంచి సారు వచ్చాడు.

"నువ్వేనా?"

"నేనే సారూ."

తిడతాడని తల వంచుకున్నాను. ఆయన కూర్చుని ఆ అడుగుల వేళ్లు లెక్కపెట్టాడు. ట్రాక్టర్లు ఆగి అప్పటికి రెండు రోజులైంది.

"మొసలికి ముందు కాళ్లకు అయిదు వేళ్లు, వెనుక కాళ్లకు నాలుగు. నువ్వు అన్నిటికీ మూడు పెట్టినవు. దీన్ని జూస్తే జనం మొసలి అనుకోరు, పెద్ద కోడి అనుకుంటరు" అన్నాడు. కప్ప గుండె గీయించినట్టే నాతో పాదం మళ్లీ చెక్కించాడు.

మేం చేసిన తప్పు అదే. దొంగమాట నా ఒక్కడిదై ఉంటే వారంలో చచ్చిపోయేది. దానికి సారు అయిదు వేళ్లు పెట్టాడు. ఒక పంతులమ్మ మొసలి బరువు ఎంతుంటుందో పిల్లలకు చెప్పింది. టైలరు తన మేకపోతు పోయిందన్నాడు. అతనికి మేకపోతే లేదు. ఎన్నడూ అబద్ధమాడని ఆరుగురు, వాగు కోసం, నాతో కలిశారు. డ్రైవర్లు మడుగు దిక్కుకు రామని ఆసామి ముఖం మీదే చెప్పేశారు. రెండు నెలలు వాగులో ఇంజను చప్పుడు లేదు. ఆ ఎండాకాలం తుమ్మకంప వేసిన గూళ్లు పదకొండు. అంత సంతోషంగా మేం ఎప్పుడూ లేం.

తర్వాత మొసలి మా చేయి దాటింది.

మహబూబాబాద్ నుంచి కుర్రకారు బండ్ల మీద వచ్చి ఫోన్లు పట్టుకుని బండ మీద నిలబడేవారు. ఎవరో బండకు పసుపు పూసి కోడిని నీళ్లలోకి విసిరారు. తాబేళ్లు తిన్నాయి. కోడి మాయమవడంతో మొసలి ఉన్నట్టు రుజువైపోయింది. చుట్టుపక్కల తప్పిపోయిన ప్రతి మేకా మొసలి కడుపులోకే పోయింది. అమ్ముకున్నవి కూడా అందులోకే పోయాయి. తండా ఆడవాళ్లు చెలిమెకు రావడం మానేశారు. ఎండలో రెండు పొలాలు దాటి ఒకాయన బోరు దగ్గరికి పోయేవారు. ఆయన కరెంటు ఉన్నప్పుడు తిట్టి, లేనప్పుడు వెళ్లగొట్టేవాడు.

అవ్వ ఒక్కతే వచ్చేది. కట్టెతో ఇసుకను కొడుతూ వచ్చి, నీళ్లు తోడుకుని పోయేది. ఒకరోజు నన్ను చూసి ఆగింది. "నాకు డెబ్భై ఏండ్లు. గీ వాగుల పుట్టి గీ వాగుల పెరిగిన. నాకు ఒక్కనాడు అగుపడని మొసలి మీ సంఘపోళ్లకే ఎట్ల అగుపడ్తది?"

"నీకు చత్వారం వచ్చింది అవ్వా" అన్నాను.

"వచ్చిందేమో" అని చెంబు ఎత్తుకుంది.

ఆసామి రెండు నెలలు ఊరికే కూర్చోలేదు. ఒక పొద్దున మూడు ఊళ్ల వాళ్లనూ తండా వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడాడు. గొంతులో కోపం లేదు. "ఇసుక ముచ్చట పక్కన పెట్టుండ్రి. మన ఆడిబిడ్డలు నీళ్లకు పోలేకపోతుండ్రు. రేపు పిలగాన్ని గుంజుకపోతే ఎవలు జవాబుదారి? మడుగు నీళ్లు ఎత్తిపోద్దాం. మొసలిని పట్టి గోదావరిల ఇడిసిపెడదాం. డీజిల్ నాది, మనుషులు నావోళ్లు" అన్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది తండా ఆడవాళ్లు. వాళ్లను ఏమని అనగలం? భయపెట్టింది మేమే.

సారు నా వైపు చూశాడు. నేను సారు వైపు చూశాను. మొసలి లేదంటే రేపే ట్రాక్టర్లు వస్తాయి. ఉందంటే రేపే మోటార్లు వస్తాయి. ఇటు నుంచీ అటు నుంచీ దారి మూసుకుపోయింది, మూసింది మేమే. ఆ మీటింగులో తాబేళ్ల సంఘం ఏడుగురిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

మర్నాడు మడుగు దగ్గర నీళ్లు తోడే నాలుగు డీజిల్ ఇంజన్లు దింపారు. వాటిని దింపడానికి ఒడ్డు కోసి బండ్ల బాట వేశారు. జాతరలా జనం. పుచ్చకాయలు అమ్మేవాడు కూడా వచ్చాడు. నేను ఇక ఆగలేకపోయాను. ఇంజను మీదికి ఎక్కి నిలబడి గట్టిగా అరిచాను.

"మొసలి లేదు! ఆ అడుగులు నేను అద్దినయి! చెక్కతోని జేసిన, ఇగో, చూడుండ్రి!" అని సంచిలోంచి పాదం తీసి చూపించాను.

తర్వాత హోటలాయన, "మొన్న ఉన్నదంటివి, ఇయ్యాల లేదంటవు. రేపు మొసలి నా బామ్మర్దే అంటవు" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. ఆసామి దగ్గరికి వచ్చి, "దిగు అన్నా, ఎండకు తల తిరిగినట్టున్నది" అని నాకు నీళ్ల సీసా ఇచ్చాడు. సారు మాత్రం నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. గుంపులోంచి అవ్వ ముందుకు వచ్చి, "నేను నమ్ముత బిడ్డా, నువ్వు నిజమే చెప్తున్నవు" అని నా చేయి పట్టుకుంది. ఇద్దరు నమ్మితే ఇంజన్లు ఆగవు. ఎవరో తిప్పారు, అందుకున్నాయి.

మధ్యాహ్నానికి బురద తేలింది. మొదట చేపలు కొట్టుకున్నాయి, జనం గంపలతో దిగారు. తర్వాత తాబేళ్లు బయటపడ్డాయి. అంత పెద్దవి ఉన్నాయని మాకే తెలియదు. ఒకదాన్ని ఇద్దరు మోశారు. వెల్లకిలా వేస్తే కాళ్లు ఆడిస్తూనే ఉన్నాయి, వాటిని చూసి పుచ్చకాయ ముక్క తింటూ ఒకడు, "మొసలి దొరక్కపోతె మానె, కూర దొరికింది" అన్నాడు. పంతులమ్మల్లో ఒకామె ఏడుస్తూ అడ్డం పోయింది. "టీచరమ్మా, మీకు గూడ ఒక ముక్క పంపిస్తం తియ్యి" అన్నారు. సాయంత్రానికి మడుగులో మోకాలి లోతు బురద తప్ప ఏమీ లేదు. మొసలి ఒడ్డు బొరియలో దాక్కుని ఉంటుందని ఆసామి జేసీబీ తెప్పించాడు. ఒడ్డు తవ్వారు. మా పదకొండు కంపలూ ఆ ఒడ్డునే ఉండేవి.

మొసలి దొరకలేదు. దొరకలేదని ఎవరూ బాధపడలేదు, నన్ను ఎవరూ అడగలేదు కూడా. ప్రమాదం తప్పిపోయిందని ఆసామికి శాలువా కప్పారు. ఇంజన్ల కోసం వేసిన బాటలోనే మూడో రోజు ట్రాక్టర్లు దిగాయి, ఈసారి మడుగు నడిబొడ్డుకు.

చెలిమె వారం రోజులు చెమ్మగా ఉండి ఎండిపోయింది. తండా ఆడవాళ్లకు ఇప్పుడు మొసలి భయం లేదు, చెలిమె నీళ్లూ లేవు. ఇప్పటికీ ఆ బోరాయన తిట్లు తింటున్నారు. అవ్వ మేకల్ని మరిపెడ సంతకు తోలుకుపోయి అన్నీ ఒకేసారి అమ్మేసింది. సంఘం గురించి ఎవరూ నిర్ణయమేమీ చేయలేదు, ఆదివారం వస్తే ఎవరూ రాలేదు, అంతే. సారు పొద్దున నడక తార్రోడ్డు మీదికి మార్చాడు. ఎదురుపడితే షుగరు ఎంత ఉందని అడుగుతాడు, చెబుతాను, వెళ్లిపోతాడు. ఈమధ్య అవ్వ కొడుకు మోటారు రిపేరుకు తెచ్చాడు. అవ్వ ఎట్లున్నదని అడిగితే, "ఏముంటది కాకా, మూలకు కూసుంటది" అన్నాడు.

ఇప్పుడు చెప్పాల్సింది ఒకటుంది. ఇందులో ఒక ముక్క నేను కల్పించాను. మొసలి సంగతి కాదు, అది మీకు ముందే చెప్పాను. ఇద్దరు మోసిన ఆ తాబేలు కూడా నిజమే.

నేను ఇంజను మీదికి ఎక్కలేదు. అరవలేదు. చెక్క పాదం ఆ రోజు నా సంచిలో లేనే లేదు, ముందురోజే పొయ్యిలో పెట్టేశాను. హోటలాయన అన్న మాటలు నేను అల్లినవి, ఆయన అంత బాగా మాట్లాడడు. సారు నా పక్కకు రాలేదు. నేను ఎక్కడా నిలబడలేదు కాబట్టి ఆయన రావడానికి చోటు లేదు.

జరిగింది ఇది. నాలుగు ఇంజన్లలో ముందుగా తిప్పిన పెద్దది నీళ్లు అందుకోలేదు. తిప్పీ తిప్పీ అలిసిపోయి, "మన వైండింగ్ అన్న యాడున్నడు?" అని పిలిచారు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. అప్పుడు నిజం చెప్పి ఉండొచ్చు. మూడు ఊళ్ల వాళ్లూ నా నోటి వంకే చూస్తున్నారు, అంతమంది అంత నిశ్శబ్దంగా నా మాట కోసం ఎదురుచూడటం అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు. నమ్మేవారేమో. నమ్మితే కేసు పెట్టేవారేమో, కొట్టేవారేమో, షాపు మూయించేవారేమో. నేను వంగి పైపు చూశాను. అతుకు దగ్గర గాలి లాగుతోంది. సైకిలు ట్యూబు ముక్క కోసి బిగించి కట్టాను.

పైపులో గాలి పోవాలంటే ముందు నీళ్లు పోయాలి, తెమ్మన్నాను. పక్కనే అవ్వ ఉంది, చెంబులో చెలిమె నీళ్లున్నాయి. చెంబు నా చేతికి ఇస్తూ మెల్లగా, నాకు మాత్రమే వినపడేటట్టు అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. నువ్వు కండ్లార చూసినవా?"

"చూసిన అవ్వా" అన్నాను.

నీళ్లు పోశాను. ఒక్క తిప్పుకే అందుకుంది.